నూరు మీటర్ల నిబంధన, గ్రామసభ మాట

మద్యం దుకాణానికీ ప్రార్థనా మందిరానికీ నడుమ కనీసం 100 మీటర్ల దూరం ఉండవలెనని తెలంగాణ ఎక్సైజు నిబంధనలు చెబుతున్నవి. బడికీ, ఆసుపత్రికీ అదే దూరం. దానిని పక్షి ఎగిరే దారిని కాక మనిషి నడిచే దారిని కొలవవలెను. దుకాణపు గుమ్మం నడిమి నుండి బయలుదేరి, బాటసారి మామూలుగా పోయే దగ్గరి త్రోవ పట్టి, మందిరపు ప్రహరీ ద్వారం నడిమికి చేరవలెను. ప్రహరీ లేనిచోట మందిరపు గుమ్మమే గురి. ఈ నిబంధన వ్రాసినవారి కన్నుల ఎదుట ఏదో ఒక పట్టణపు వీధి ఉండి ఉండవలెను. ఆ వీధికి ఒక కొసన దుకాణం, మరొక కొసన గుడియో మసీదో చర్చియో ఉన్నవి; ఎక్సైజు ఉద్యోగి టేపు పట్టుకొని నడుమ నిలిచి ఉన్నాడు. ఆ వీధిలో ఈ నిబంధన బాగానే పనిచేస్తుంది.

అక్కడనైనా ఎల్లప్పుడూ పనిచేస్తుందని చెప్పలేము. జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్లలోపల మద్యం అమ్మరాదని 2016 డిసెంబరు 15న సుప్రీంకోర్టు ఆజ్ఞాపించినది. ఇరవై వేలకు మించని జనాభా గల స్థానిక సంస్థల పరిధిలో ఆ దూరాన్ని 2017 మార్చి 31న 220 మీటర్లకు తగ్గించినది. ఆ వెంటనే దేశమంతటా విచిత్రాలు జరిగినవి. కొన్ని రాష్ట్రాలు తమ రహదారులకు పేరు మార్చి, అవి ఊరి రోడ్లేనని ప్రకటించినవి. కేరళలో ఒక బారు యజమాని రోడ్డు నుండి తన గుమ్మం దాకా మెలికలు తిరిగే నడవ ఒకటి కట్టించినాడు. బారు ఉన్నచోటనే ఉన్నది. నడవవలసిన దూరం మాత్రం పెరిగినది. మనిషి నడిచే దారినే కొలవవలెనన్న నియమానికి ఇది అక్షరాలా విధేయత! కొలతనే ధర్మంగా పెట్టుకొన్న శాసనానికి ఇటువంటి విధేయులు తప్పక దొరుకుతారు.

భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో, గోదావరి కుడి ఒడ్డున ఉన్న పినపాక మండలంలో ఈ టేపుకు వేరొక విధమైన చిక్కు వస్తుంది. ఇది రాజ్యాంగపు ఐదవ షెడ్యూలు వర్తించే మన్యప్రాంతం. ప్రక్కనే మణుగూరులో సింగరేణి బొగ్గుగనులున్నవి. 1080 మెగావాట్ల భద్రాద్రి విద్యుత్కేంద్రం ఉన్నది. కొంత దిగువన అశ్వాపురంలో భారజల కర్మాగారం, సారపాకలో కాగితపు మిల్లు ఉన్నవి. కనుక చేతికి రొక్కం వచ్చే కూలిపనులు ఈ ప్రాంతానికి క్రొత్త కావు. రొక్కం ఉన్నచోటికి సీసా నడిచి వస్తుంది. లైసెన్సు గల దుకాణం మండల కేంద్రంలోనో, బస్సులాగే కూడలిలోనో ఉంటుంది. అడవి అంచున, చేలమధ్య చెదరి ఉండే కోయగూడేనికి అది నూరు మీటర్ల దూరంలో ఎన్నడూ ఉండదు. కొన్ని మైళ్ల దూరంలో ఉంటుంది. అయినను గూడెంలో మద్యం దొరుకుతుంది. దానిని అక్కడికి చేర్చేది బెల్టు షాపు. కిరాణా కొట్టు వెనుక గదియో, ఒక ఇంటి వసారాయో, దారిప్రక్క పాకయో దానికి చాలును. దానికి లైసెన్సు లేదు కనుక చట్టం దృష్టిలో అది దుకాణమే కాదు. దుకాణం కానిదానికి గుమ్మం ఎక్కడిది? గుమ్మం లేనప్పుడు కొలత ఎక్కడ మొదలుపెట్టవలెను? చర్చి గోడకు ఆనుకొని బెల్టు షాపు నడచినా దూరపు నిబంధన ఉల్లంఘన కాదు. అది వేరొక నేరం. ఆ నేరాన్ని పట్టుకోవలసినది టేపు కాదు, పోలీసులు, ఎక్సైజు సిబ్బంది.

టేపుకు రెండవ కొస మందిరం. నిబంధన చెప్పే 'ప్రజా ప్రార్థనా స్థలం' అన్న మాటకు అర్థం ఇచ్చి ఉన్నారు. ఆలయమంటే దేవాదాయశాఖలో నమోదైన ఆలయం. మసీదంటే వక్ఫు బోర్డులో నమోదైన మసీదు. చర్చికి మాత్రం ఏ విశేషణమూ లేదు. చర్చి అన్న ఒక్కమాటతో సరిపెట్టినారు. వీటికి తోడు ప్రభుత్వం ఉత్తర్వు ద్వారా పేర్కొనే ఇతర మతసంస్థలు. శిఖరం, గంట, ప్రహరీ ఉన్న చర్చి విషయంలో ఎవరికీ సందేహం రాదు. కాని మన్యపు పల్లెలలో చర్చి అంటే అనేకచోట్ల ఒక రేకుల గది, లేదా విశ్వాసులలో ఒకరి ఇంటి ముందు వేసిన పందిరి. ఆదివారంనాడు అది చర్చి. సోమవారంనాడు అక్కడ మిరపకాయలు ఆరబోసి ఉండవచ్చును. దానిని చర్చి అని లైసెన్సుదారు ఒప్పుకుంటాడా, ఉద్యోగి ఒప్పుకుంటాడా అన్నచోట వివాదం పుడుతుంది. నమోదు అక్కరలేదన్న సౌకర్యమే, నిరూపణ వచ్చేసరికి అసౌకర్యమవుతున్నది.

ఇంతకంటె పెద్ద వెలితి మరొకటి ఉన్నది. దానిని గురించి మాట్లాడేవారు అరుదు. కోయల ఇలవేల్పులు దేవాదాయశాఖ పుస్తకాలలో ఉండరు. చెట్టుక్రింద నిలిపిన రాయి, ఊరివెలుపలి వేల్పుల గుడిసె, పండుగనాడు గూడెమంతా చేరే తావు - వీటిలో ఏదియు ఈ నిర్వచనంలో పట్టదు. మతస్థలాల గౌరవం కోసమని పెట్టిన నూరు మీటర్లు, ఈ నేలకు అందరికంటె ముందుగా వచ్చినవారి పూజాస్థలాలకు లేకపోవడం చిన్న విషయం కాదు. చర్చి పక్షాన మాట్లాడేవారు తమ హక్కును గట్టిగా అడుగవచ్చును. అయితే ఆ హక్కు తమ పొరుగువానికి ఆపాటికూడా లేదని వారు గుర్తించవలసి ఉన్నది.

మద్యం విషయంలో చర్చికి గల పట్టుదల నిన్న మొన్నటిది కాదు. పినపాకకు దిగువన, గోదావరి ఆవలి ఒడ్డున ఉన్న దుమ్ముగూడెంలో ఆనకట్ట పనులు చేయించిన ఇంజనీరు హేగ్ ప్రోద్బలంతో 1860 ప్రాంతాలలో చర్చి మిషనరీ సొసైటీవారి కోయ మిషను ఆరంభమైనది. అక్కడ చిరకాలం పనిచేసిన జాన్ కెయిన్ భద్రాచలం, రేకపల్లి తాలూకాల జనజీవనాన్ని గురించి వ్యాసాలు కూడ వ్రాసినాడు. ఇవతలివైపున డోర్నకల్ 1912లో ఆంగ్లికన్ బిషప్పు పీఠమైనది. దాని తొలి బిషప్పు వి. ఎస్. అజరయ్య, ఆ సంఘంలో ఆ పదవినందిన మొదటి భారతీయుడు. తాగుడును గ్రామక్రైస్తవుల ప్రధాన శత్రువులలో ఒకటిగా ఎంచినవాడాయన. మన్యంలో క్రైస్తవం స్వీకరించిన కుటుంబానికి కల్లు, సారా మానడం అనేది మతం మారిన గుర్తుగా, పదిమందికీ కనిపించే గుర్తుగా నిలిచినది. అందుచేత చర్చి పొరుగున సీసాలు అమ్మడం వారికి గౌరవభంగం మాత్రమే కాదు. కష్టపడి మానినవాని ఎదుట మరల ఎర పెట్టినట్లు. ఈ బాధ నిజమైనది. దీనికి విరుగుడు నూరు మీటర్లలో ఉన్నదా అన్నదే ప్రశ్న.

ఈ ప్రశ్న అమెరికాలో ఒకసారి అత్యున్నత న్యాయస్థానం దాకా పోయినది. మసాచుసెట్స్ రాష్ట్రంలో ఒక చట్టం ఉండేది. చర్చికి గాని బడికి గాని 500 అడుగుల లోపల ఎవరైనా మద్యం లైసెన్సు కోరితే, ఆ చర్చి గాని బడి గాని వ్రాతమూలంగా అభ్యంతరం తెలిపినచో లైసెన్సు ఇవ్వరాదు. కేంబ్రిడ్జి పట్టణంలో హార్వర్డు కూడలిలోని 'గ్రెండెల్స్ డెన్' అనే భోజనశాల 1977లో లైసెన్సు కోరినది. దాని వెనుక గోడకు పది అడుగుల దూరంలో ఆర్మీనియన్ కాథలిక్కుల హోలీ క్రాస్ చర్చి ఉన్నది. చర్చి అభ్యంతరం చెప్పినది, లైసెన్సు రాలేదు. తమాషా ఏమనగా, అదే 500 అడుగుల వలయంలో అప్పటికే పాతిక వరకు లైసెన్సులు చెల్లుబాటులో ఉన్నవి! 1982 డిసెంబరులో సుప్రీంకోర్టు ఎనిమిదిమంది ఒకవైపు, ఒకరు మరొకవైపుగా తీర్పు చెప్పి ఆ చట్టాన్ని కొట్టివేసినది.

ఆ తీర్పులో గ్రహించవలసినది చర్చి ఓడిపోయిందన్నది కాదు. చర్చిలకు, బడులకు ఇంతదూరంలో మద్యం అమ్మరాదని శాసనసభ తానే నిర్ణయించవచ్చునని కోర్టు ఒప్పుకొన్నది. విచారణలో చర్చి మాటకు తగిన విలువ ఇవ్వవచ్చునని కూడ చెప్పినది. కూడనిదల్లా ఒకటే: ప్రభుత్వం చేయవలసిన నిర్ణయాన్ని ఏ కారణమూ చెప్పనక్కరలేని నిరంకుశాధికారంగా ఒక మతసంస్థ చేతిలో పెట్టడం. ఒక దుకాణానికి అవునని, మరొక దుకాణానికి కాదని అనగల అధికారం ఎవరిచేతిలో ఉన్నా అది బేరానికి దారితీస్తుంది. ఆ బేరం ధర్మకర్తలతో జరిగినా, పాస్టరుతో జరిగినా, ముతవల్లీతో జరిగినా ఒకటే.

చర్చి బలం రాష్ట్రమంతటా పరచుకొన్నచోట సంగతి వేరుగా ఉంటుంది. మిజోరం సంపూర్ణ మద్యనిషేధ చట్టాన్ని 1995లో చేసినది, 2014లో సడలించినది, 2019లో మరల బిగించినది. ప్రతి మలుపులోను చర్చిల వాణి వినిపించినది. వేల్సు దేశంలో ఆదివారం మద్యశాలలు మూయవలెనని 1881లో వచ్చిన చట్టం వెనుక ఉన్నది కూడ అక్కడి ప్రార్థనామందిరాలవారే. కాని 1961లో ఆ నిర్ణయాన్ని జిల్లాలవారీగా ప్రజల ఓటుకు విడిచిపెట్టినారు. ఏడేండ్లకొకసారి ఓటు జరిగి, ఒక్కొక్క జిల్లాయే ఆదివారపు మూతను వదులుకొన్నది. చివరి జిల్లా 1996లో. చర్చి తీర్పు నుండి ఊరి తీర్పుకు జరిగిన ఈ ప్రయాణం పినపాకకు దూరపుదైనా పరాయిది కాదు.

ఎందుకంటే, మద్యం విషయంలో మాట ఎవరిది అన్న తగవు ఈ అడవులలో నూటయాభై ఏండ్ల నాటిది. 1879 నాటి రంప తిరుగుబాటును చరిత్ర పాఠంలో ఒకటి రెండు వాక్యాలలో దాటిపోతుంటారు. దాని కారణాలలో ముఖ్యమైనది కల్లు. కొండవారు తమ ఇంటి అవసరానికి తమ చెట్ల కల్లును గీసుకొనేవారు. మద్రాసు ప్రభుత్వం క్రొత్త ఆబ్కారీ పద్ధతి తెచ్చి, కల్లుగీత హక్కును కంట్రాక్టర్లకు పాటకిచ్చినది. అంతటితో పోక, రంప మన్సబుదారు 'చిగురుపన్ను' అని మరొకటి తనవంతుగా పిండుకొన్నాడు. తన చెట్టు క్రింద తాను దొంగ అయినాడు కొండవాడు. తిరుగుబాటు గోదావరి వెంట భద్రాచలం తాలూకాలోని రేకపల్లి వరకు ప్రాకినది. అక్కడ పోడు వ్యవసాయంపై ఆంక్షలు, పెంచిన శిస్తు దానికి తోడైనవి. ఆనాటి కొండవారు కోరినది మద్యనిషేధం కాదు, నిజమే. ఈనాటి చర్చివారు, స్త్రీలు కోరుతున్నది కల్లు స్వేచ్ఛ కాదు. కోరికలు ఎదురెదురుగా ఉన్నవి. ప్రశ్న మాత్రం ఒక్కటే: తమ ఊరిలో ఏమి త్రాగవలెను, ఏమి అమ్మవలెను అన్నది ఎక్కడో ఉన్న కచేరీలో పాటపాడి నిర్ణయించవలసినదా, లేక ఊరివారు నిర్ణయించవలసినదా?

షెడ్యూల్డు ప్రాంతాల వరకు ఈ ప్రశ్నకు పార్లమెంటు సమాధానం చెప్పివేసినది. 1996 డిసెంబరులో వచ్చిన, 'పెసా' అని అందరూ వ్యవహరించే పంచాయతీల విస్తరణ చట్టం, మత్తుపదార్థాల అమ్మకాన్ని, వాడకాన్ని నిషేధించే, క్రమబద్ధం చేసే, పరిమితం చేసే అధికారం గ్రామసభకు, తగిన స్థాయి పంచాయతీకి ఉండేట్లు రాష్ట్రాలు చూడవలెనని స్పష్టంగా చెప్పినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1998లో తన పంచాయతీరాజ్ చట్టాన్ని అందుకు అనుగుణంగా సవరించినది. అమలు నియమాలు రావడానికి మరి పదమూడేండ్లు పట్టి, 2011లో వెలువడినవి. పట్టణంలోని పెద్ద చర్చికి ఉన్న రక్షణ 100 మీటర్లు. పినపాక మండలంలోని చిన్న గూడెానికి చట్టం ఇచ్చిన రక్షణ ఆ గూడెం పొలిమేర దాకా. పట్టణవాసికి లేని అధికారం మన్యవాసికి ఉన్నది. ఆ అధికారం మతాన్ని అడుగదు. నమోదు పత్రం అడుగదు. చర్చికి పోయే స్త్రీ, సమ్మక్క సారలమ్మలకు మ్రొక్కే స్త్రీ, దర్గాకు పోయే స్త్రీ ఒకే చాపమీద కూర్చుండి చేయి ఎత్తగల చోటు గ్రామసభ. అమెరికా కోర్టు తప్పు పట్టినది ఒక సంస్థ చేతిలోని నిరాకరణాధికారాన్ని. ఊరంతా కూర్చుండి, కారణాలు చెప్పుకొని చేసే నిర్ణయానికి ఆ దోషం అంటదు. చర్చి తన బాధను టేపు దగ్గరకు తీసుకొనిపోతే ఒక గోడకు రక్షణ దొరకవచ్చును. గ్రామసభకు తీసుకొనివస్తే ఆ బాధ ఊరిదవుతుంది.

దీనిలో చిక్కులు లేకపోలేదు. మొదటిది, చర్చి సభ్యులే అధికసంఖ్యలో ఉన్న గూడెంలో, వారి తీర్మానం పొరుగువాని ఇప్పసారా కుండమీద, వేల్పు ముందు పోసే కల్లు మీద పడవచ్చును. కోయల పండుగలలో, పుట్టుక చావులలో కల్లు, ఇప్పసారా ఆచారంలో భాగం. దానిని సీసాలో వచ్చే వ్యాపారంతో కలిపివేయడం అన్యాయం. ఈ తేడాను ఎప్పుడో గుర్తించినారు. గిరిజన ప్రాంతాలలో మద్యం వ్యాపారాన్ని క్రమంగా ఎత్తివేయవలెనని, ఇంటి అవసరానికి సంప్రదాయంగా చేసుకొనేదానిని మాత్రం అనుమతించవచ్చునని 1975లోనే కేంద్రం రాష్ట్రాలకు మార్గదర్శక సూత్రాలు పంపినది. అమలు జరిగినది మాత్రం దాదాపు తలక్రిందులు: ఇప్పసారా కుండను పగులగొట్టడానికి సిబ్బంది వచ్చిన గూడేనికే కంపెనీ మద్యం సీసాలు కూడ వచ్చినవి. అమ్మకానికి వచ్చే సీసా వేరు, ఇంటి కుండ వేరు అని తీర్మానంలోనే వ్రాసుకొన్న గ్రామసభ ఈ చిక్కును చాలవరకు దాటగలదు.

రెండవది ధనం. ఏజెన్సీలోని దుకాణాలను గిరిజనులకే కేటాయిస్తున్నారు. పేరు గిరిజనునిది, పెట్టుబడి మరొకరిది అన్న ఆరోపణ మన్యమంతటా వినవస్తున్నది. దుకాణాన్ని వద్దంటే గిరిజనుని జీవనోపాధిని వద్దన్నట్లని చెప్పేవారు, ఆ ఉపాధిలో గిరిజనునికి చేరుతున్నదెంతో కూడ చెప్పవలెను. ప్రభుత్వానికి వచ్చేది ఎంతో అందరికీ తెలిసినదే. రాష్ట్రంలోని 2,620 దుకాణాలకు 2023లో ఒక లక్షా ముప్పైయొక్క వేలకు పైగా దరఖాస్తులు వచ్చినవి. దరఖాస్తుకు 2 లక్షల రూపాయలు, తిరిగి ఇచ్చేది లేదు. దుకాణం తెరవకముందే 2,600 కోట్లకు పైగా ఖజానాకు చేరినవి. 2025లో ఆ రుసుమును 3 లక్షలు చేసినారు. దరఖాస్తులు తగ్గినా రాబడి దాదాపు 2,850 కోట్లు. ఇంత రాబడినిచ్చే చెట్టు కొమ్మను ఒక గూడెం నరుకుతానంటే కచేరీ వెంటనే సంతోషిస్తుందని ఎదురుచూడరాదు.

అయినను ఊరు గట్టిగా అడిగినప్పుడు కచేరీ దిగివచ్చిన సందర్భాలున్నవి. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో సారా వ్యతిరేకోద్యమం మొదలైనది వయోజనుల అక్షరాస్యత తరగతిలో. సారా దుకాణాన్ని మూయించిన స్త్రీల కథ ఒకటి వాచకంలో పాఠమైనది. ఆ పాఠం చదివిన స్త్రీలు తమ ఊరిలో అదేపని చేసినారు. వారు ఏ గుడినుండి ఎన్ని గజాలని అడుగలేదు. మా ఊరికి వద్దన్నారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చినది; 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చి, 1997లో పోయినది. పైనుండి వచ్చిన నిషేధం రెండేండ్లు నిలిచినది. క్రింది నుండి ఊరు చేసిన నిర్ణయాన్ని నిలబెట్టే ఏర్పాటు మాత్రం ఆనాడు ఎవరూ చేయలేదు. పొరుగున మహారాష్ట్ర దానిని చేసినది. అక్కడ దుకాణం మూయవలెనా వద్దా అన్నదానిపై స్త్రీల రహస్య ఓటుకు 2008లో నియమాలు వచ్చినవి. మొత్తం ఓటరు స్త్రీలలో సగానికి మించి వద్దంటే దుకాణం మూత. బ్యాలెట్ గుర్తులు నిలబెట్టిన సీసా, పడుకోబెట్టిన సీసా. అక్షరాలు రానివారికి కూడ ఇంతకంటె తేటగా చెప్పలేరు.

బడి మాటకు వస్తే, కాన్పూరు సంగతి ఒకటి చెప్పుకోదగినది. తన బడి ప్రక్కన మద్యం దుకాణం ఉన్నదని ఐదేండ్ల పిల్లవాడొకడు, తన పెద్దల ద్వారా, 2024లో అలహాబాదు హైకోర్టుకెక్కినాడు. దుకాణం మూడు దశాబ్దాల నాటిది, బడి 2019లో వచ్చినది, కనుక దూరపు నియమం వర్తించదని అధికారుల వాదన. ముందు వచ్చినది ఏది అన్నది ఇటువంటి తగవులన్నిటిలోను వచ్చే వాదనయే. తమిళనాడు నియమాలలోనైతే అది స్పష్టంగా వ్రాసి ఉన్నది. హైకోర్టు దానిని ఒప్పుకొనలేదు. ఉన్న లైసెన్సు గడువు తీరేవరకు ఉండనిచ్చి, ఆ పైన పొడిగించరాదన్నది. లైసెన్సు అంటే శాశ్వతహక్కు కాదు. గడువు తీరిన ప్రతిసారి అది మరల మొదటి ప్రశ్నే.

పినపాక ప్రాంతానికి ఆ గడువు తెలిసినదే. తెలంగాణలో ఇప్పటి మద్యం లైసెన్సులు 2025 డిసెంబరు 1న అమలులోకి వచ్చినవి. వాటికి దరఖాస్తులు పిలిచి, లాటరీ తీసిన నెలలలో గ్రామపంచాయతీలకు ఎన్నికైన పాలకవర్గాలే లేవు. 2024 ఫిబ్రవరి నుండి ప్రత్యేకాధికారులే నడుపుతూ వచ్చినారు. ఎన్నికలు ఆ డిసెంబరులోనే జరిగినవి, అనగా దుకాణాలు తెరచిన తరువాత. ఇప్పుడు సర్పంచులున్నారు, వార్డు సభ్యులున్నారు, గ్రామసభను పిలువవలసిన బాధ్యత వారిది. లైసెన్సుల గడువు 2027 నవంబరు 30తో తీరుతుంది. తరువాతి దుకాణాల జాబితా దానికి కొన్ని నెలల ముందే తయారవుతుంది. ఏ గూడెం పేరుమీద ఏ తీర్మానం కచేరీకి చేరి ఉన్నదో, ఆ జాబితా వ్రాసేనాడు చూడవలసి ఉన్నది.